కంట్లో సూది: రాయగడ నుంచి విశాఖకి నా తిరుగుడు

ఒడిశాలోని మా రాయగడలో అరవై దాటిన మనిషి చూపు తగ్గిందంటే చాలు, వినేవాళ్లే వైద్యం కూడా చెప్పేస్తారు. శుక్లం. ముదరనీ, ఆపరేషన్ చేయించుకో, నాలుగు రోజులు నల్లద్దాలు పెట్టుకో, అయిపోతుంది. నాకూ అందరూ అదే చెప్పారు. కళ్లజోళ్ల కొట్టతను నంబరు మార్చి కొత్త అద్దాలు బిగించాడు. కుడికంటికి వాటితో ఏమీ ఒరగలేదు. "పొర ముదిరేదాకా ఏ అద్దాలూ పనిచెయ్యవు మావయ్యా" అని తేల్చేశాడు. అద్దాల డబ్బు మాత్రం వదల్లేదు.

నాకు వచ్చింది శుక్లం కాదు, కంటి వెనకాల ఉండే రెటీనా అనే చూపు పొరలో నీరు చేరే జబ్బు. శుక్లం ముదిరేదాకా ఆగినా చూపు మళ్లీ వస్తుంది. నాకు వచ్చినదాంట్లో ఆగిన కొద్దీ పోయేదే ఎక్కువ, పోయింది తిరిగి రాదు. ఈ ఒక్క తేడా మావైపు జనానికి తెలియాలనే ఇదంతా రాస్తున్నాను.

నేను బట్టల కొట్లో గుమాస్తాని. బిల్లులు కంప్యూటర్లో కొడుతున్నా, ఎర్ర అట్ట చిట్టా పుస్తకం రాస్తేనే గానీ మా షావుకారుకి నిద్ర పట్టదు. నా జబ్బు ముందు ఆ పుస్తకంలోనే బయటపడింది. ఎడమకంట్లో నలక పడి మూసుకున్నప్పుడు కుడికంటితో చూశాను. గీతలు పేజీ నడిమికి వచ్చేసరికి వంగిపోయి, అది దాటాక మళ్లీ తిన్నగా వెళ్తున్నాయి. వేసిన అంకె 3 అయిందో 8 అయిందో తెలియడం లేదు. అంకె మీదే చూపు నిలిపితే అదే మాయమవుతోంది, పక్కన ఉన్నవి కనిపిస్తున్నాయి. రంగులూ అంతే. మెరూన్ తాను కాఫీ రంగులో కనిపిస్తోంది. రెండు కళ్లూ తెరిచానా, ఏ లోటూ లేదు. బాగున్న కన్ను బాగోలేని కన్ను సంగతి బయటపడనివ్వదు. ఎన్నాళ్ల నుంచి అలా ఉందో దేవుడికే తెలియాలి.

మా ఊళ్లో కళ్లు పరీక్ష చేసే ఒక అమ్మాయి గళ్ల కాగితం చేతికిచ్చి, ఒక కన్ను మూసి మధ్యలో చుక్కని చూడమంది. దాన్ని ఆమ్స్‌లర్ గ్రిడ్ అంటారట. ఆమె ఒడియాలో అడిగింది, నేను తెలుగులో చెప్పాను. మా ఊళ్లో సగం మాటలు ఇలాగే నడుస్తాయి. "శుక్లమైతే అంతా ఒకేలా మసకేస్తుంది, గీత వంకర పోదు. వంకర పోతోందంటే లోపల రెటీనాలో తేడా. ఈ వారంలోనే రెటీనా డాక్టరుకి చూపించండి. వచ్చే నెల అనకండి" అంది. ఇన్నాళ్లలో నాకు పనికొచ్చిన మొదటి మాట అది.

భువనేశ్వర్ వెళ్లాలా, విశాఖ వెళ్లాలా అని ఇంట్లో ఒక పూట చర్చ. భువనేశ్వర్ మన రాజధాని, మా ఒడిశా ప్రభుత్వ వైద్యం కార్డు అక్కడ చెల్లుతుంది. కానీ రాత్రంతా ప్రయాణం, వెళ్లాక మనవాళ్లంటూ ఎవరూ లేరు. విశాఖకైతే పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా పగటిపూటే దిగిపోవచ్చు. మద్దిలపాలెంలో మా తమ్ముడి కొడుకు ఉన్నాడు. విశాఖే అనుకున్నాం. అక్కడ కౌంటరులో అమ్మాయి మా కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "ఆరోగ్యశ్రీ మా రాష్ట్రం వాళ్లకేనండీ" అని వెనక్కిచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మా ఊరు కూడా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. ఆ ముక్క ఆ అమ్మాయికి చెబితే నవ్వింది గానీ, కార్డు మాత్రం తీసుకోలేదు.

అక్కడ మొదటి రోజు ఎలా గడుస్తుందో చెబుతాను, వెళ్లేవాళ్లకి పనికొస్తుంది. ముందు చూపు పరీక్ష. కుడికంటికి 6/36 వచ్చింది. అంటే మామూలు కన్ను 36 మీటర్ల నుంచి చదివే అక్షరం నేను 6 మీటర్ల దగ్గరికి వస్తేనే చదవగలను. తర్వాత కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తారు. అవి పడ్డాక కొన్ని గంటలపాటు దగ్గరవి ఏవీ చదవలేం. సంతకం పెట్టాల్సిన కాగితాలు మాత్రం ఆ తర్వాతే చేతికొస్తాయి! అందుకని చుక్కలు వేసేముందే ఆ కాగితాలు అడిగి తీసుకుని చదువుకోండి, లేదా చదివిపెట్టే మనిషిని వెంట తీసుకెళ్లండి. బయటికొచ్చేటప్పుడు ఎండ భరించలేం, నల్లద్దాలు ఉండాలి.

ఆ తర్వాత ఓసీటీ స్కాన్. గడ్డం ఒక దిమ్మ మీద ఆనించి లోపల గుర్తుని చూస్తూ కూర్చోవడమే. సూది లేదు, నొప్పి లేదు, నిమిషాల్లో అయిపోతుంది. రెటీనాని అడ్డంగా కోసి చూపించినట్టు పొరలన్నీ తెర మీద కనిపిస్తాయి. బాగున్న కంటిలో నడిమధ్య చిన్న గుంట ఉంటుంది. నా ఎడమకంటి బొమ్మలో ఆ గుంట ఉంది. కుడికంటి బొమ్మలో గుంట ఉండాల్సిన చోట బొప్పి లేచింది, దాని కింద నల్లటి మడుగు. "ఆ నలుపు నీరండీ" అన్నారు డాక్టరు గారు. చిన్న వయసు ఆవిడ, బొబ్బిలి వైపు యాస.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ. రెటీనా మధ్యలో మాక్యులా అని చిన్న భాగం ఉంటుంది. చదవడం, ముఖాలు గుర్తుపట్టడం, సూదిలో దారం ఎక్కించడం అన్నీ దానితోనే. రెటీనా వెనకాల కొరాయిడ్ అని రక్తనాళాల పొర ఒకటి ఉంటుంది, దానికి తిండి అక్కడి నుంచే అందుతుంది. వయసు మీద పడ్డాక ఆ రెండింటి మధ్య డ్రూసెన్ అనే మచ్చలు పేరుకుంటాయి, అడ్డుగా ఉండే పల్చటి పొర బలహీనపడుతుంది. అప్పుడు కొరాయిడ్ నుంచి కొత్త రక్తనాళాలు పుట్టి ఆ పొరని చీల్చుకుని పైకొస్తాయి. అవి గట్టివి కావు. నీరు కారుతాయి, ఒక్కోసారి రక్తం కూడా కారుతుంది. "సున్నం వేసిన గోడ పైకి బాగానే ఉంటుంది, వెనక పైపు కారితే ఉబ్బుతుంది చూడండి. సున్నం ఎన్నిసార్లు వేసినా ఏం లాభం, పైపు ఆపాలి" అన్నారు. జబ్బు పేరు వెట్ ఏఎమ్‌డీ. వయసుతో వచ్చే మాక్యులా జబ్బులో నీరు కారే రకం. అలాగే వదిలేస్తే ఆ చోట మచ్చ కట్టేస్తుంది, దానికి ఇక మందు లేదు. పక్క చూపు మిగులుతుంది, నడక సాగుతుంది, చదువు మాత్రం పోతుంది.

"బీడీ కాలుస్తారా" అని అడిగారు. పక్కన మా ఆవిడ ఉంది కాబట్టి అబద్ధం చెప్పే వీలు లేకపోయింది. పొగ ఈ జబ్బుకున్న పెద్ద కారణాల్లో ఒకటట. ఊపిరితిత్తుల సంగతి వినీ వినీ చెవులు మొద్దుబారాయి గానీ, కంటికి కూడా పొగ పడదని ఆ రోజే విన్నాను.

అసలు ఏ నాళం కారుతోందో తెలియడానికి యాంజియోగ్రఫీ చేశారు. గుండెకి చేసేది కాదు. చేతి నరానికి రంగు ఎక్కించి, అది కంటి నాళాల్లోకి చేరేటప్పుడు వరసగా ఫొటోలు తీస్తారు. పసుపు రంగు రెటీనా నాళాలకి, ఆకుపచ్చ రంగు లోపలున్న కొరాయిడ్‌కి. కిడ్నీ ఎలా ఉంది, రొయ్యలు పడతాయా, ఏ మందుకైనా దద్దుర్లు వచ్చాయా అని ముందే అడిగారు. రంగు ఎక్కగానే కాసేపు కడుపులో తిప్పింది, దానంతట అదే తగ్గింది. ఒంటికి ఆ రోజంతా పచ్చదనం, మూత్రం ముదురు నారింజ రంగు. ఈ మాట ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే పచ్చకామెర్లని మా ఆవిడ పసరు వైద్యుడి కోసం వెతికేది.

ఆకుపచ్చ రంగు ఫొటోల్లో ఒక చిన్న బుడగ కనిపించింది. కొరాయిడ్ నాళం చివర ఉబ్బి ఇలా తయారయ్యే రకాన్ని పీసీవీ అంటారు. ఆసియా వాళ్లలో ఇది ఎక్కువట. దీనికి చల్లని లేజరు ఒకటి ఉంది: చేతి నరానికి వెర్టిపోర్ఫిన్ అనే మందు ఎక్కించి, ఆ బుడగ మీద లేజరు వేస్తారు, తర్వాత 5 రోజులు ఎండ సోకకూడదు. మందు ఖరీదెక్కువ, అన్నివేళలా దొరకదు. ముందు ఇంజెక్షన్లతో చూద్దాం, నీరు ఇంకకపోతే అప్పుడు దాని సంగతి అన్నారు. మా బంధువుల్లో ఒకాయన "లేజర్ కొట్టించేస్తే ఒక్క దెబ్బకి పోతుంది కదా" అన్నాడు. పాతకాలం వేడి లేజరు పడిన చోట రెటీనా కూడా కాలుతుంది. నా నీరు ఉన్నది సరిగ్గా చూపు మధ్యలో. అక్కడ కాలిస్తే ఇంకేం మిగులుతుంది?

ఇక ఏ ఇంజెక్షను అన్న ప్రశ్న. కౌన్సెలింగ్ గదిలో ఒక కాగితం మీద మందుల పేర్లు, వాటి ఎదురుగా ధరలు. మా కొట్లో చీరల ధరల్లో కూడా అంత తేడా ఉండదు. అన్నీ చేసే పని ఒకటే: కొత్త నాళాలు పుట్టించే వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకోవడం. అన్నిటికంటే చవక అవాస్టిన్. అది మొదట పెద్దపేగు క్యాన్సర్‌కి వచ్చిన మందు, కంటికి లైసెన్సు లేకుండానే డాక్టర్లు వాడుతున్నారు. లూసెంటిస్ కంటి కోసమే తయారైంది, అమెరికాలో 2006లో అనుమతి వచ్చింది. మన దేశంలో అక్సెంట్రిక్స్ అన్నా అదే మందు. దానికి మన కంపెనీ చేసిన రూపం రాజుమాబ్, 2015లో వచ్చింది. ఐలియా వేరే మందు, ఖరీదూ ఎక్కువే.

చవకది వేయించుకుంటే చవక చూపే వస్తుందా అని మా అబ్బాయికి అనుమానం. కూర్చుని చదివాడు. అమెరికా ప్రభుత్వ డబ్బుతో ఇదే తేల్చడానికి ఒక పెద్ద పరిశోధన చేశారు. 2011లో వచ్చిన మొదటి ఏడాది ఫలితాల్లో, ఒకే పద్ధతిలో వేసినప్పుడు అవాస్టిన్‌కీ లూసెంటిస్‌కీ చూపులో తేడా రాలేదు. మరి భయం ఎందుకంటే, అవాస్టిన్ పెద్ద సీసాలో వస్తుంది, దాన్ని చిన్న సిరంజీల్లోకి పంచాలి. పంచేచోట శుభ్రత లేకపోతే ఇన్ఫెక్షన్. 2016 జనవరిలో మన డ్రగ్ కంట్రోలర్ ఈ కారణంగానే హెచ్చరిక ఇచ్చారు, ఆ తర్వాత నిపుణుల కమిటీ చూశాక మళ్లీ వాడుకోనిచ్చారు. అంటే మందు పేరు కంటే, దాన్ని ఎవరు ఎలా పంచుతున్నారన్నది అడగాల్సిన ప్రశ్న. నేను అడిగాను. స్టెరైల్ గదిలో పంచుతామని, ఏ బ్యాచ్ ఎవరికి వేశారో రాసి ఉంచుతామని చెప్పారు. ఆ రాసిపెట్టడం అన్న మాట గుమాస్తా మనిషికి నచ్చింది. అవాస్టిన్‌తోనే మొదలుపెట్టమన్నాను.

ఇప్పుడు అసలు సంగతి, సూది. "కంట్లోనా!" అని ముఖం చిట్లించని మనిషిని నేను చూడలేదు. నాకూ ముందురోజు రాత్రి టెన్షన్‌తో అన్నం దిగలేదు. తీరా చూస్తే ఆ గదిలో అన్నిటికంటే బాధపెట్టింది సూది కాదు, బెటాడిన్. బీపీ, షుగర్ చూసి, ఈమధ్య గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చిందా అని అడిగి, టోపీ, గౌను తొడిగి పడుకోబెట్టారు. మొద్దుబారే చుక్కలు, ఆపైన బెటాడిన్ కడుగుడు. మొహం మీద గుడ్డ, రెప్పలు మూసుకోకుండా క్లిప్పు. "కిందికి చూడండి అంకుల్, కదలకండి" అన్నారు. నల్లగుడ్డు దగ్గర కాదు, దానికి దాదాపు 4 మిల్లీమీటర్లు పక్కన తెల్లగుడ్డులోంచి గుచ్చుతారు. వేసే మందు 0.05 మిల్లీలీటరు, ఒక్క చుక్క. ఎవరో వేలితో నొక్కినట్టు అనిపించింది, అంతే. కళ్ల ముందు నల్లటి తీగలు సుడి తిరిగాయి, అది మందేనట. వేళ్లు చూపించి ఎన్నో చెప్పమన్నారు. చెప్పాను. అయిపోయింది.

సాయంత్రానికి మంట మొదలైంది, అది బెటాడిన్ పుణ్యం. కంట్లో ఇసుక పడ్డట్టు రాత్రంతా గరగర. తెల్లారేసరికి తగ్గింది. తెల్లగుడ్డు మీద ఎర్రటి మచ్చ కొన్నాళ్లు ఉండిపోయింది, చూసేవాళ్లకి భయం గానీ నాకు ఏమీ తెలియలేదు. తలస్నానం వద్దు, కంట్లో నీళ్లు పడనివ్వద్దు, నలపొద్దు అన్నారు. ఒక్క హెచ్చరిక మాత్రం ఒకటికి రెండుసార్లు చెప్పి, మా ఆవిడ చేత తిరిగి చెప్పించారు: మొదటి వారంలో నొప్పి తగ్గేది పోయి పెరిగినా, ఎరుపు పెరిగినా, చూపు పడిపోయినా రాత్రి పగలు చూడకుండా బయల్దేరి రావాలి. కన్ను లోపలి ఇన్ఫెక్షన్ కొన్ని వేల ఇంజెక్షన్లకి ఒక్కటి వస్తుందట, వస్తే గంటలు లెక్క. రాయగడలో ఉన్నవాడికి గంటలు అంటే మాటలు కాదు. అందుకని మొదట్లో ప్రతిసారీ తమ్ముడి కొడుకు ఇంట్లో కొన్ని రోజులు ఆగి మరీ బండెక్కేవాళ్లం. కొత్త ఊరివాళ్లకి నా సలహా కూడా అదే.

శుక్లం ఆపరేషను ఒక్కసారి చేస్తే అయిపోతుంది. ఇది అలా కాదు. మందు పనిచేసేది కొన్ని వారాలే, తర్వాత నాళం మళ్లీ కారవచ్చు. మొదట నెలకొకటి చొప్పున మూడు. ఆ తర్వాత స్కాన్ చూసి, నీరు లేకపోతే మధ్య గ్యాపు రెండేసి వారాలు పెంచుకుంటూ పోతారు, నీరు కనిపిస్తే తగ్గిస్తారు. మా షావుకారు "ఇంకా ఎన్నాళ్లయ్యా సెలవులు" అని అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు, డాక్టరు దగ్గరా లేదు. నాకు ఈ వైద్యంలో కష్టమనిపించింది ఇదే. సూదికి అలవాటు పడిపోయాను, ముగింపు తేదీ లేకపోవడానికి అలవాటు పడటానికి చాలా కాలం పట్టింది. ఆసుపత్రి బెంచీ మీద పరిచయమైన శ్రీకాకుళం వైపు ఆయన ఒకరు, గీతలు తిన్నగా కనిపించేసరికి నయమైపోయిందని మానేశారట. పంటలూ, పెళ్లిళ్లూ అన్నీ అయ్యాక వచ్చేసరికి మచ్చ కట్టేసింది. ఆయన ఇప్పుడు రెండో కన్ను కోసం వస్తున్నారు.

నాకు మూడు ఇంజెక్షన్లకి నీరు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అప్పుడు ఐలియాకి మార్చారు. దాంతో ఇంకిపోయింది, చల్లని లేజరు అవసరం ఇప్పటిదాకా రాలేదు. డబ్బు ఎలా అంటారేమో. మా అబ్బాయి ఉద్యోగంలో ఇన్సూరెన్సు తల్లిదండ్రులకి కూడా ఉంది. మొదట "ఆసుపత్రిలో పడుకోలేదు కాబట్టి ఇవ్వం" అని జవాబు వచ్చింది. ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కంటిలోపలి ఇంజెక్షన్లని తప్పక కవర్ చెయ్యాల్సిన వైద్యాల్లో చేర్చింది, ఒక పూటలో అయిపోయినా సరే. పాలసీలో వాటికి ఇంతవరకే అని పరిమితి పెట్టొచ్చు గానీ అసలు కుదరదనకూడదు. అబ్బాయి ఆ కాగితం జతచేసి మళ్లీ పంపాడు. పరిమితి మేరకు వచ్చింది, మిగతాది చేతి డబ్బు. పాలసీ ఉన్నవాళ్లు ఇంజెక్షనుకి ముందే పరిమితి ఎంతో అడిగి తెలుసుకోండి.

చూపు ఎంత వచ్చిందంటారా, 6/36 కాస్తా 6/18 అయింది. గీతల వంకర చాలావరకు పోయింది, నడిమధ్య పలచటి మసక మాత్రం ఉండిపోయింది. అది పోదన్నారు. ఇంజెక్షను ఉద్దేశం ఉన్నది కాపాడటం, పెరిగింది లాభం. చిట్టా పుస్తకం ఇప్పుడు పెద్ద గళ్లది తెప్పించాను, బల్ల మీద దీపం మార్చాను.

ఎడమకంట్లో నీరు లేదు గానీ డ్రూసెన్ మచ్చలున్నాయి. దానికి రోజూ మాత్రలు: విటమిన్ సి, ఈ, జింకు, రాగి, లూటిన్, జియాజాంథిన్. 2013లో వచ్చిన అమెరికా పరిశోధన ప్రకారం తయారైన కలయిక. ఇవి చూపు పెంచవు, జబ్బు ముదిరే అవకాశం తగ్గిస్తాయి, అదీ నాలాంటి దశలో ఉన్నవాళ్లకే. పాత కలయికలో బీటా కెరొటిన్ ఉండేదట. పొగతాగేవాళ్లకి దానితో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని తీసేశారు. బీడీ మానినవాళ్లు కూడా సీసా మీద ఆ పేరు లేదని చూసి మరీ కొనుక్కోవాలి. గళ్ల కాగితం బీరువా తలుపుకి అంటించాం. పొద్దున్నే ఒక్కో కన్ను మూసి చూస్తాను.

ఇంకొకటి. రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరు గారు మా ఆవిడ వైపు తిరిగి, "మీకు షుగర్ ఉందా అమ్మా?" అన్నారు. చాలా ఏళ్లుగా ఉంది. "రెటీనా ఎప్పుడైనా చూపించుకున్నారా?" "నాకేం అమ్మా, సూదిలో దారం ఎక్కిస్తాను" అంది ఈవిడ. అయినా చుక్కలు వేసి చూశారు. రెండు కళ్లలోనూ షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడం మొదలైంది, తొలిదశ. చూపు తగ్గేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం అవుతుందని, షుగర్ ఉన్నవాళ్లు చూపు బాగున్నా ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలని చెప్పారు. ఆమెకి ఇంజెక్షను అక్కర్లేదు, షుగర్, బీపీ అదుపులో ఉంచుకుంటే ప్రస్తుతానికి చాలు. సాయంత్రం టీలో పంచదార ఆ రోజు నుంచి ఇద్దరికీ బంద్. నాకు షుగర్ లేదు కదా అంటే వినడం లేదు.